ఆకులు ఆరే ఉన్నాయి

ఇరవై ఏళ్లుగా ఒక మాట నా దగ్గరే ఉండిపోయింది. చెప్పాల్సిన చోట చెప్పలేదు. ఆ తర్వాత చెప్పడానికి చోటు దొరకలేదు. దొరకలేదా, నేను వెతకలేదా? వెతకలేదు. మొదట ఈ కాస్త నిజం చెప్పేస్తే మిగతాది సులువవుతుందేమో, చూద్దాం.

ఇలాంటివాటిని బరువు అంటారు కదా. నాకు అది అన్ని రోజులూ బరువుగా ఉండేది కాదు, పిల్లలూ. పని ఉన్న రోజు ఎటో పోయేది. వంట చేస్తుంటే, బట్టలు ఉతుకుతుంటే గుర్తే ఉండేది కాదు. సంతలో ఎవరో ఒకరు ఎదురై, “దీదీ, మా పిల్లగాన్ని మీరే మనిషిని జేసిన్రు” అంటే మాత్రం వచ్చి గుండె మీద కూర్చునేది. తిడితే రాదు. పొగిడితే వస్తుంది. అదేం వింతో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అమ్మడూ, పోయిన నెల నువ్వు ఫోన్ చేశావు. పూనాలో నువ్వు చేరిన చిన్నపిల్లల బడిలో ఒక పాప మూడు వారాలైనా నోరు విప్పడం లేదన్నావు. “అమ్మమ్మా, నీ అంగన్‌వాడీలో ఇలాంటి పిల్లలుంటే ఏం చేసేదానివి?” అని అడిగావు. పక్కనుంచి తమ్ముడు అరిచాడు, “అమ్మమ్మ దగ్గర గోడలు కూడా ఎక్కాలు చెప్పేవంట!” అని. మీరిద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. సిగ్నల్ సరిగా లేదని ఫోన్ పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది.

అందుకే ఈ నోట్‌బుక్ తీశాను. మీకు తెలుగు చదవడం మెల్లగా వస్తుంది, కాబట్టి చిన్న చిన్న మాటల్లో రాస్తున్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. పెద్ద మాటల వెనక దాక్కోవడం నాకు బాగా వచ్చు. ఈసారి దాక్కోకూడదు.

మా ఊరు భోపాలపట్నం నుంచి తర్లగూడ పోయే రోడ్డు పక్కన ఉందని మీకు తెలుసు. అక్కడ ఇళ్లలో దొర్ల వాళ్ల భాష, దొర్లి మాట్లాడతారు. కొట్ల దగ్గర తెలుగు. ఆఫీసుల్లో హిందీ, రాష్ట్రం హిందీవాళ్లది కదా. నేను పెళ్లయి వచ్చిన కొత్తలో నాకు తెలుగొక్కటే వచ్చు. అంగన్‌వాడీలో పని దొరికాక హిందీ నేర్చుకున్నాను, అదీ రిజిస్టర్ నింపడానికి చాలేంత. దొర్లి నాకు పిల్లలే నేర్పారు.

గోడకు ఒక చార్టు ఉండేది. ‘అ సే అనార్’ అని, దాని పక్కన దానిమ్మపండు బొమ్మ. మా పిల్లలెవరూ దానిమ్మపండు చూసి ఉండరు. అదేంటని అడిగితే ఉల్లిగడ్డ అనేవాళ్లు. కాదు, ఇది అనార్ అంటే నమ్మనట్టు చూసి ఊరుకునేవాళ్లు. ఆ చార్టు ముందు కూర్చోబెడితే చాలు, ముప్పై మందీ మాట మానేసేవాళ్లు. అదే పిల్లలను వరండాలోకి వదిలితే ఆగకుండా మాట్లాడేవాళ్లు. లోపల ఏం జరుగుతోంది, బయట ఏం జరుగుతోంది? చార్టు ముందు కూర్చున్నప్పుడు ఆ మాటలన్నీ ఎక్కడికి పోతున్నాయి? నాకు అది తెలుసుకోవాలని ఉండేది. అప్పట్లో నా దగ్గర ఉన్న మంచి గుణం ఇదొక్కటే అనుకుంటాను. చూడటం.

అట్లా చూస్తుండగానే బుద్రి కంటపడింది.

నాలుగేళ్ల పిల్ల. దొర్ల వాళ్ల అమ్మాయి. మాటల పుట్ట. ఎండాకాలం ఊరు ఊరంతా తునికాకు కోస్తుంది కదా, యాభై ఆకులకో కట్ట కట్టి కల్లంలో అప్పజెపుతారు. మున్షీ వాటిని చూసి తీసుకుంటాడు. ఆ పిల్ల ఆ కల్లాన్ని మా వరండాలో పెట్టింది. మోదుగాకులు తెంపి ఇరవై ఆకులకో కట్ట కట్టించేది. ఈనె ఒకటి పెన్నులాగా చెవి మీద పెట్టుకుని తనే మున్షీ. ఆటకు నియమం కూడా తనే పెట్టింది. కట్ట తెచ్చేవాళ్లు కావాలని ఒక ఆకు తక్కువ కట్టొచ్చు. మున్షీ పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే మున్షీ దిగిపోవాలి.

బుద్రిని ఎవరూ దించలేకపోయారు.

కట్ట చేతిలో పెట్టగానే కళ్లు మూసుకుని రెండుసార్లు ఎగరేసేది. “తక్కువున్నై” అనేది. అన్నాక విప్పి లెక్కపెట్టేది, ఒకటి, రెండు, మూడు అని. ఇంట్లో దొర్లి మాట్లాడినా మా ఊళ్లో అందరి లెక్కా తెలుగే. కట్ట నిజంగానే ఒక ఆకు తక్కువ ఉండేది. నాలుగేళ్ల చేతికి ఆ తూకం ఎట్లా తెలిసింది? నేనూ కళ్లు మూసుకుని ఎగరేసి చూశాను. నాకు తెలియలేదు. పిల్లలు పడి పడి నవ్వారు. “దీదీకి మున్షీ పని రాదు!” అని బుద్రి తీర్పు చెప్పింది.

ఆ ఆట వల్ల రెండు నెలల్లో పదిహేను మందికి ఇరవై దాకా లెక్క వచ్చింది. తెలుగులో.

చిక్కంతా అక్కడే. సూపర్‌వైజర్ మేడమ్ వచ్చిన ప్రతిసారీ చెప్పేది, పిల్లలకు అంకెలు హిందీలో రావాలని. నేను తల ఊపేదాన్ని. రిజిస్టర్లో వారం వారం రాసేదాన్ని, ‘ఏక్ సే బీస్ తక్ సిఖాయా’ అని, ఒకటి నుంచి ఇరవై దాకా హిందీలో నేర్పానని. నేర్పలేదు. ఆడుకుంటూ నేర్చుకుంటున్న పిల్లలను ఆపి మళ్లీ చార్టు ముందు కూర్చోబెట్టడానికి మనసొప్పలేదు. అది మంచి పనే కదా అని మీరనొచ్చు. అయితే ఆ మంచి పనిని ధైర్యంగా ఎందుకు చేయలేదు? మేడమ్‌తో “వీళ్లకు ఈ భాషలో వస్తోంది, ముందు ఇది రానీయండి” అని ఎందుకు అనలేదు? నా హిందీ చాలదని సిగ్గు. పని పోతుందని భయం. ఏది ఎక్కువో ఇప్పుడు చెప్పలేను.

ఒకరోజు జిల్లా నుంచి ఒక పెద్ద సాబు వచ్చాడు. మేడమ్ ముందే కబురు పెట్టింది, వరండా ఊడ్పించి పెట్టమని. సాబు మంచివాడే. ఇది మీకు గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆయన మీదికి తోసేయడం చాలా సులువు. ఇస్త్రీ ప్యాంటుతో మట్టి మీద బుద్రి ఎదురుగా గొంతుకూర్చున్నాడు. బుగ్గలో పాన్ ఉంది. ఏం ఆట అని కళ్లతోనే అడిగి చెయ్యి చాపాడు.

బుద్రి ఒక ఆకు ఆ చేతిలో పెట్టింది.

“ఔర్?” అన్నాడు.

ఇంకా పెట్టు అని. పాన్ నిండిన నోటితో, చిన్నపిల్లల దగ్గర సాగదీసినట్టు సాగదీసి ఆ మాట ఒకసారి అనిచూడండి. అయిదు తర్వాత మనం ఏమంటామో అదే వినిపిస్తుంది. బుద్రికి అదే వినిపించింది. ఆరు. తన ముఖం వెలిగిపోయింది. ఇంత పెద్దమనిషి తనను మున్షీని అడిగినట్టు అడుగుతున్నాడు! ఒక్కొక్కటే తీసి పెట్టింది, పెదాలు కదుపుతూ. మొత్తం ఆరు.

“అరే వాహ్! షాబాష్! ఔర్?”

బుద్రి ఆగింది. ఆ చేతిలోకి చూసింది. వేలు పెట్టి ఒక్కో ఆకూ నొక్కి లెక్కపెట్టింది. ఆరే ఉన్నాయి. సాబు ముఖంలోకి చూసింది.

“ఔర్ దో బేటీ! ఔర్?”

ఇంకోసారి వంగి లెక్కపెట్టింది. ఈసారి ఇంకా నెమ్మదిగా. అప్పుడు నిటారుగా నిలబడి, మున్షీ గొంతుతో, గట్టిగా అంది.

“ఆరే!”

ఆరే ఉన్నాయి, సరిగ్గా ఉన్నాయి అని. అంతే తను అన్నది. హిందీ చెవికి అది ఇంకోలా తాకింది. అరే, ఓయ్ అని పిలిచినట్టు.

మేడమ్ నోటి మీద చెయ్యి వేసుకుంది. “హాయ్ రామ్! సాహబ్ కో అరే బోల్తీ హై!”

అందరూ నవ్వారు. సాబు నవ్వాడు. గుమ్మం దగ్గర డ్రైవర్ నవ్వాడు. పెద్దవాళ్లు నవ్వుతున్నారని పిల్లలూ నవ్వారు. మొదట బుద్రి కూడా నవ్వింది, గెలిచాననుకుని. తర్వాత ఏదో తేడా తెలిసినట్టుంది. తల తిప్పి నా ముఖం చూసింది.

సాబు ఆకులు కింద పెట్టి నన్ను అడిగాడు, వెటకారమేమీ లేకుండా. “ఇస్‌కో సమఝ్ నహీ ఆతా క్యా?” ఈ పిల్లకు అర్థం కాదా అని.

అప్పటికే నాకు తెలుసు. మూడో ‘ఔర్’ కంటే ముందే తెలుసు. ఆ వరండాలో రెండు వైపుల మాటా అర్థమైనదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. “సర్, ఛే గినా హై ఇస్‌నే” అంటే, ఆరు లెక్కపెట్టింది సర్ అంటే, సరిపోయేది. నాకొచ్చిన హిందీలోనే ఆ మాటలున్నాయి. కానీ అట్లా అంటే ఆయన అడుగుతాడు, ఛేను ఆరు అని ఎందుకంటోంది అని. మేడమ్ నా చేతిలోని రిజిస్టర్ తెరుస్తుంది. ఇవన్నీ నేను ఆలోచించానా? లేదు. ఆలోచించేంత సమయం లేదు. ఆలోచన లేకుండానే నోటికి వచ్చిందంటే అది నాలో ఎక్కడ తయారుగా ఉంది?

“సర్, యే థోడీ మంద్‌బుద్ధి హై,” అన్నాను.

కొంచెం బుర్ర మందం అని. ‘థోడీ’ అన్నాను. ఆ ‘కొంచెం’ ఎందుకు కలిపాను? దయ చూపించాననుకున్నానా? ఆ ఒక్క ముక్కను ఇన్నేళ్లుగా అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను.

వాళ్లు పోయాక సహాయిక, వంట చేసే ఆమె, గిన్నెలు తోముతూ తల ఎత్తకుండా అంది. “దీదీ, పిల్ల ఆరు అన్నది గద.”

“నీకెందుకవన్నీ? పప్పు మాడుతోంది చూడు,” అన్నాను.

పప్పు ఎప్పుడో దించేసింది. ఆమె చేతిలోని గిన్నె తిప్పి మళ్లీ తోమింది. నాలుగేళ్ల కిందట పోయింది. ఆ రోజు సంగతి తెలిసిన మనిషి నేను కాక ఇంకొకరు ఉండేవాళ్లు, ఇప్పుడు లేరు. ఆమె పోయినప్పుడు ఏడ్చాను. ఆ ఏడుపు వెనక కొంచెం తేలికపడ్డానేమో కూడా. రాస్తున్నాను కదా, ఇది కూడా రాయాలి.

పిల్లలు పేర్లు పెట్టడంలో ఎంత చురుకో! మరునాటికే ఎవరో కలిపేశారు. బుద్రి, మంద్‌బుద్ధి. ‘మంద్‌బుద్రి’. పలకడానికి ఎంత బాగుందంటే, దాన్ని ఆపడం నా వల్ల కాలేదు. ఆపడానికి ఎంత ప్రయత్నించాను? రెండుసార్లు కసిరాను. అంతే. “మంద్‌బుద్రికి లెక్క రాదు” అని ఆమెను మున్షీ నుంచి దించేశారు. ఓడించి దించలేదు. దిగమన్నారు, దిగింది.

ఆ తర్వాత చూసినవి చెబుతాను. నేను చూడటం మానలేదు, అదే విచిత్రం. ముందు కట్టలు కట్టడం మానలేదు. ఎన్ని అని అడిగితే మాత్రం పక్కపిల్ల పెదాలు చూసేది. ఆ పిల్ల ‘ఏ’ అని మొదలుపెడితే తనూ ‘ఏడు’ అనేది. కొన్నాళ్లకు అదీ మానేసింది. జవాబు వచ్చినప్పుడు కూడా నోటి మీద చెయ్యి పెట్టుకునేది. వచ్చిందని నాకు ఎట్లా తెలుసంటే, రెండో చెయ్యి వేళ్లు కదిలేవి. సరిగ్గా. నేను అది చూసి కూడా, “బుద్రీ, నీకు వచ్చు, చెప్పు” అని అనలేకపోయాను. అంటే, మరి అప్పుడు సాబుతో అట్లా ఎందుకన్నావు అని ఆ కళ్లు అడుగుతాయని భయం. నాలుగేళ్ల పిల్లకు భయపడ్డాను.

పెద్ద బడిలో మూడో తరగతి దాకా వెళ్లింది. మానేసింది. నా వల్లేనా? అప్పట్లో చాలామంది మానేశారు. అందులో నాది ఎంత? ఆ లెక్క నాకు తేలడం లేదు. తేలకపోవడం నాకు సుఖంగా ఉంది. అందుకే ఆ మాటను నేనే నమ్మను.

ఇంకొకటి. మీరు మీ స్నేహితులందరికీ చెప్పే ‘అమ్మమ్మ ఆకుల ఆట’ ఉంది కదా, బీజాపూర్‌లో ట్రైనింగ్‌లో నేను చేసి చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారని. అది అమ్మమ్మ ఆట కాదు. ఒక ఆకు తక్కువ కట్టే నియమంతో సహా అది బుద్రిది. ఎవరు కనిపెట్టారని అక్కడ అడిగితే, “మా కేంద్రంలోనే” అన్నాను. అబద్ధం కాదు కదా! ఇట్లా అబద్ధం కాని మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి.

అమ్మడూ, నువ్వడిగినదానికి నాకు తెలిసింది ఇంతే. మాట్లాడని పిల్ల నోటి వైపు చూడకు. వేళ్లు చూడు. కదులుతుంటే, వచ్చినా ఎందుకు దాచుకుంటోందో కనుక్కో. తన చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరి ముఖం చూసి ఆగుతోందో చూడు. ఆ ముఖం నీదే అయితే ఏం చేయాలో నన్ను అడగకు. నేను చేయలేదు.

ఇప్పుడు అసలైనదానికి వస్తాను. ఇంతవరకు రాసింది పాత తప్పు. కొత్తది కూడా ఉంది.

పని నుంచి దిగిపోయాక కూడా నేను రోజూ పొద్దున అంగన్‌వాడీకి వెళ్లి ఒక గంట కూర్చునేదాన్ని. ఇప్పుడున్న కొత్త దీదీ చిన్న అమ్మాయి, నన్ను రానిచ్చేది. పిల్లలు కొంగు పట్టుకుని లాగేవాళ్లు. నా రోజులో మంచి భాగం అదే. మొన్న మేలో ఆ అమ్మాయి అడిగింది, “బుద్రక్క బిడ్డకు మూడేళ్లు దాటినై దీదీ. పంపుమంటే పంపుత లేదు. మీ మాటైతే ఇంటది” అని.

నా మాట!

వెళ్లాను. బుద్రి పెళ్లయి ఊళ్లోనే ఉంది. వాకిట్లో నీడన కూర్చుని తునికాకు కట్టలు కడుతోంది. చేతులు యంత్రంలా ఆడుతున్నాయి. పక్కన అత్త కూర్చుని ప్రతి కట్టా విప్పకుండా వేళ్లతో జరుపుతూ మళ్లీ లెక్కపెడుతోంది. బిడ్డ సుక్కి ఆకుల కుప్పలో దొర్లుతోంది.

“ఏంది దీదీ, గింత ఎండల వచ్చిన్రు? కూసోన్రి,” అంది బుద్రి.

“కట్టినవాటిని మళ్లీ ఎందుకు లెక్కపెడుతున్నారు?” అని అడిగాను.

అత్త నవ్వింది. “దీని లెక్క మీద దీనికే నమ్మకం లేదమ్మ. యాభై కట్టి నలభై తొమ్మిదేమో అంటది. జూడు జూడు అని నా పానం తీస్తది. ఇన్నేండ్లల్ల ఒక్కపారి తప్పింది లేదు.”

“నువ్వు సూడే అత్తా, ముచ్చట్లు తర్వాత,” అంది బుద్రి.

సుక్కిని పంపమని అడిగాను.

“వద్దులే దీదీ. నలుగుట్ల నవ్వులపాలైతది. నా తలకాయే వచ్చింది దీనికి.”

“నీ తలకాయకేమైంది?”

నేను ఆట పట్టిస్తున్నాననుకుని నా వైపు చూసింది. “మీరే జెప్పిన్రు గద సాబ్‌కు, మంద్‌బుద్ధని. మీరు అబద్ధమాడరు గద.”

కోపం లేదు. కొందరు మాకు షుగర్ ఉందని చెబుతారే, అట్లా చెప్పింది. తర్వాత తనే అంది, చేతులు ఆపకుండా. “నాకు యాదికున్నది దీదీ. ఆ సాబు ఆరు అడిగిండు. ఆరు పెట్టిన. మల్ల ఆరు అంటడు. లెక్కబెడితే ఆరే ఉన్నై. మల్ల ఆరు అంటడు. ఇగ నాకే లెక్క రాదనుకున్న.”

పిల్లలూ, అందరూ నవ్వినందుకు బాధపడిందని నేను ఇరవై ఏళ్లు అనుకున్నాను. ఆ రోజు నవ్వుల ఊసే ఆమె ఎత్తలేదు. గుర్తున్నది ఇదొక్కటే. సరిగ్గా లెక్కపెట్టినా సరిపోకపోవడం. ఇప్పుడు బుద్రికి హిందీ నాకంటే బాగా వచ్చు. సంతకు పోతే పదిసార్లు ఔర్ అంటుంది. అయినా ఆ ‘ఆరు’ ఆరుగానే ఎట్లా ఉండిపోయింది? చిన్నప్పుడు విన్న మాటను మనం పెద్దయ్యాక మళ్లీ ఎప్పుడూ వినిచూడమా?

“బిడ్డా, ఆయన ఆరు అనలేదు,” అన్నాను. “ఔర్ అన్నాడు.”

కడుతున్న నార చేతిలోంచి జారింది. “ఔర్... ఆరు...” అని రెండుసార్లు అనుకుంది. ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. “అయ్యో! గదేనా? గంతేనా?” కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. అత్త నవ్వింది. ఎందుకో తెలియక సుక్కీ నవ్వింది. నవ్వు ఆగాక బుద్రి మామూలుగా అడిగింది.

“మరి మీకప్పుడు సమజ్ కాలేదా దీదీ?”

ఇంత సూటిగా ఎవరూ నన్ను అడగలేదు. ఇన్నేళ్లుగా చోటు దొరకలేదన్నాను కదా, ఇదే ఆ చోటు.

“లేదు బిడ్డా,” అన్నాను.

“పాపం, మీకేం తెల్సు,” అంది. నన్నే ఓదార్చి, లేచి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాను.

మొదటి అబద్ధానికి ఒక రిజిస్టర్ అడ్డం ఉంది. ఈ రెండోదానికి ఏముంది? పని లేదు, మేడమ్ లేదు, పోయేది ఏమీ లేదు. ఒకే ఒక్కటి. ఆమె నన్ను మంచిదాన్ని అనుకోవాలి. దానికోసం ఆమె చేత ఇంకోసారి తప్పు లెక్క పెట్టించాను. నాలుగు రోజులకు నువ్వు ఫోన్ చేశావు, అమ్మడూ.

మొదటి వాన పడ్డాక మళ్లీ వెళ్లాను. బుద్రి దడి కడుతోంది. కూసోమంది. కూర్చోలేదు. కూర్చుంటే మంచినీళ్లు, మాటలు, మళ్లీ మంచిదాన్నయిపోతాను.

“ఆ రోజు నాకు తెలుసు,” అన్నాను.

“ఏంది తెల్సు?”

“నువ్వు ఆరు అన్నావని అప్పుడే తెలుసు. నువ్వు సరిగ్గా లెక్కపెట్టావు. నేను రిజిస్టర్లో అబద్ధాలు రాశాను, అవి బయటపడతాయని నిన్ను మంద్‌బుద్ధి అన్నాను. మొన్న నువ్వడిగితే మళ్లీ అబద్ధమే చెప్పాను.”

దారి పొడుగునా ఈ నాలుగు మాటలే అనుకుంటూ వెళ్లాను, మధ్యలో ఇంకేదీ దూరకుండా.

బుద్రి చేతిలోని కర్రను దడిలో గుచ్చి, తట్టి, సరిచూసింది. “రిజిస్టర్ల ఏం రాసిన్రు?” అంది.

“ఏక్ సే బీస్ నేర్పానని.”

“గంతేనా?”

మొన్నటి మాటే. నవ్వు లేదు.

“గంతే,” అన్నాను.

క్షమించమని అడగాలని వెళ్లాను. ఆ మాట నాలుక దాకా వచ్చింది. అడిగితే ఆమెకు ఇంకో పని అప్పజెప్పినట్టవుతుందనిపించింది. ఊరుకున్నాను. ఆమె వెనకాల సుక్కి తడిమట్టిలో గుండ్రాయి దొర్లిస్తూ తనలో తను ఏదో చెప్పుకుంటోంది. బుద్రి బిడ్డను చూసింది. నన్ను చూసింది.

“సుక్కిని పంపుత. కొత్త దీదీకి జెప్పున్రి,” అంది. అదే గొంతుతో, “మీరు మాత్రం ఆడికి పోకున్రి. అది నోరు తెరిసినప్పుడు పక్కకు మీరుండొద్దు” అంది.

పోకున్రి అంది. పోకు అనలేదు. ఆ మర్యాద తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

సరే అన్నాను.

ఇప్పుడు వెళ్లడం లేదు. పొద్దున ఆ గంట చాలా పొడుగ్గా ఉంది. సుక్కి రెండు వారాలుగా వస్తోందని కొత్త దీదీ చెప్పింది. మాట్లాడుతోందా అని అడిగాను. “ఇప్పుడే గద దీదీ వచ్చింది, జూద్దాం” అంది. ఏం ఆట ఆడుతోంది, ఎవరి పక్కన కూర్చుంటోంది, లెక్కపెడుతుందా, పెడితే పైకి పెడుతుందా? తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఇక అది నేను చూడలేను. అడగడం కూడా నిన్నటితో మానేశాను.

మీకు ఇది రాస్తూ మూడుచోట్ల ‘ఆ రోజుల్లో అందరం అంతే’ అని రాసి కొట్టేశాను. ఆ కొట్టివేతలు కనబడతాయి, చూడండి. అందరూ అంతే కాదు. వంట చేసే ఆమె గిన్నెలు తోముతూ కూడా నిజం చెప్పింది. మీ అమ్మమ్మకు తెలుసు. తెలిసే అంది. ఈ రెండు మాటలు రాయడానికి ఇన్ని కాగితాలు పట్టాయి.